మళ్లీ పుస్తకం పట్టాలంటే ఏ నవలతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: కాలేజీ రోజుల్లో వారానికో నవల చదివేదాన్ని. తర్వాత పిల్లలు, ఉద్యోగం, ఇల్లు. పదిహేనేళ్లు పుస్తకం ముట్టలేదు. మళ్లీ చదివితే గొప్ప నవలే చదవాలని ‘వేయిపడగలు’ తెచ్చుకున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ 60 పేజీల దగ్గరే ఆగిపోయాను. నాకిక చదివే ఓపిక లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: ఓపిక ఎక్కడికీ పోలేదండీ. అది మొదట పట్టవలసిన పుస్తకం కాదు, అంతే. విశ్వనాథ సత్యనారాయణ గారి ఆ నవల దాదాపు 1000 పేజీలు. అందులో కథ తిన్నగా నడవదు. సుబ్బన్నపేట అనే ఊరు, కోట, గుడి, వాటిని అంటిపెట్టుకున్న మనుషులు ఒకరిలోంచి ఒకరు వస్తారు. మధ్యలో నాలుగు రోజులు మానేస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో మళ్లీ వెనక్కి వెళ్లి చూసుకోవాలి. అలవాటు తప్పిన కంటికి గంటకి 20 పేజీలు సాగితే ఎక్కువ. రోజుకి గంట చదివినా 50 రోజులు పడుతుంది. దాన్ని అమ్మేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. ఓ అయిదారు నవలలయ్యాక మళ్లీ తీయండి.

ముందుగా మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’. మూడు భాగాల్లో 1924లో వచ్చిన మొదటి భాగం ఒక్కటే చాలు. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువుకి ఇంగ్లండు బయల్దేరతాడు, తన సంగతి తనే చెబుతాడు. ఒకే గొంతు కాబట్టి పేర్లు గుర్తుపెట్టుకునే బరువుండదు. నవ్వు దానంతటదే పేజీ తిప్పిస్తుంది.

ఆ తర్వాత డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. చాలాకాలం తర్వాత చదివేవాళ్లకి దీన్ని మించింది మాకు కనబడదు. ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో ధారావాహికగా వచ్చిన నవల ఇది. వారం వారం పాఠకుణ్ణి నిలబెట్టుకోవాల్సిన రచన కాబట్టి ఎక్కడా నీరసపడదు. కథ జరిగేది విశాఖపట్నంలో. ఇందిర, కల్యాణి, వసుంధర, ప్రకాశం, కృష్ణమూర్తి – ముఖ్యంగా ఈ అయిదుగురు తెలిస్తే చాలు. ఇందిర మీద మీ అభిప్రాయం మొదట్లో ఒకలా ఉంటుంది, సగానికి వచ్చేసరికి మారుతుంది. చివర్లో మళ్లీ మారినా ఆశ్చర్యపోకండి. ఆమెను మంచిదనో చెడ్డదనో తొందరపడి తేల్చేసినవాళ్లకి ఈ నవల సగమే అందుతుంది.

మూడోది రావిశాస్త్రి ‘అల్పజీవి’. ఆయన శ్రీకాకుళంలోనే పుట్టారు. సుబ్బయ్య అనే పిరికి మనిషి కథ. ఇక్కడ ఒక చిక్కుంది. జరుగుతున్నదీ, సుబ్బయ్య లోపల అనుకుంటున్నదీ పక్కపక్కనే ప్రవహిస్తాయి. కళ్లతో గబగబా చదివితే తప్పిపోతాం. మొదటి నాలుగైదు పేజీలు పైకి చదవండి, ఆ నడక చెవికి పట్టేస్తుంది.

చిన్న పుస్తకం కదా అని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’తో మాత్రం మొదలుపెట్టకండి. పేజీలు తక్కువే గానీ సీతారామారావు బతుకు చదివేవాళ్ల మనసుని బాగా కుంగదీస్తుంది. మనసు తేలిగ్గా ఉన్న రోజుల్లో, నాలుగోదిగానో అయిదోదిగానో చదవండి.

ఇంకొక్క మాట. ఏ రోజుకారోజు అధ్యాయం పూర్తిచేసి మూసేయకండి. తర్వాతి అధ్యాయంలో రెండు పేజీలు చదివి ఆపండి. మర్నాడు పుస్తకం తెరవడానికి ఆ రెండు పేజీలే లాగుతాయి.

ప్రశ్న: మాది విజయనగరమే. ‘కన్యాశుల్కం’ బళ్లో పాఠంగా కొంత చదివాను, పూర్తిగా ఎప్పుడూ చదవలేదు. నవల కాదు కదా, ఇప్పుడు చదివితే సాగుతుందా? రెండు రకాలున్నాయంటారు, ఏది కొనాలి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీ ఊళ్లోనే, బొంకుల దిబ్బ దగ్గర మొదలయ్యే నాటకాన్ని మీరు చదవకపోతే ఎలాగండీ! గురజాడ 1897లో అచ్చువేసినదానికి అయిదు అంకాలు. 1909లో తిరగరాసి పెంచినదానికి ఏడు. షాపుల్లో మామూలుగా దొరికేది రెండోదే, మీకు కావలసిందీ అదే. మొదటిది తర్వాత పోల్చి చూసుకోవడానికి బాగుంటుంది.

నాటకం ఒక్కరే మౌనంగా చదివితే మూడో అంకానికి అలసిపోతారు. ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టుకుని పాత్రలు పంచుకోండి. గిరీశం ఒకరు, వెంకటేశం ఒకరు. పూటకో అంకం కన్నా ఎక్కువ వద్దు. అగ్నిహోత్రావధాన్లు ఎవరికి తండ్రి, లుబ్ధావధాన్లుకి ఇవ్వబోయే పిల్ల ఎవరు, కరటకశాస్త్రి ఎవరికి ఆడవేషం వేశాడు – ఈ మూడూ ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అందుతుంది.

ప్రశ్న: పాత పుస్తకాల షాపులో నవల కొంటే మధ్యలో కథ తెగిపోయింది, పేజీలు లేవు. కొనేటప్పుడే ఎలా కనిపెట్టాలి?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: పుస్తకాన్ని విడివిడి కాగితాలుగా కాదు, ఫారాలుగా, అంటే మడతపెట్టిన పేజీల కట్టలుగా కుడతారు. ఎక్కువ పుస్తకాల్లో ఫారానికి 16 పేజీలు. బైండింగులో ఒక ఫారం జారిపోవచ్చు, ఒక్కోసారి ఒకటే రెండుసార్లు పడుతుంది. అందుకే మధ్యలో తెగిందంటే తరచుగా 16 పేజీలు ఒకేసారి పోతాయి. పేజీ పేజీ తిప్పక్కర్లేదు. 16 తర్వాత 17, 32 తర్వాత 33, 48 తర్వాత 49 ఉన్నాయా అని చివరిదాకా చూసుకుంటూ పోండి, రెండు నిమిషాల పని. చివరి పేజీ కూడా చూడండి, పాత పుస్తకాల్లో ముందు ఊడేది అదే. కొత్త పుస్తకంలో ఇలా జరిగితే రసీదుతో తిరిగి పట్టుకెళ్లి మార్చమని అడగండి.