సూర్య అగరం ఫౌండేషన్ లాంటి సాయం మన శ్రీకాకుళం పిల్లలకి దొరుకుతుందా?

చెల్లి ఇంటర్ పాసయింది, తమ్ముడు ఎనిమిది చదువుతున్నాడు, నాన్న చెన్నైలో కూలి పని, హీరో సూర్య ట్రస్టుకి ఇక్కడి నుంచి అప్లై చేయొచ్చా అని అడిగారు. మన హీరోల ట్రస్టులేమైనా చదివిస్తాయా అని కూడా అడిగారు.

సూర్య 2006లో పెట్టిన అగరం తమిళనాడు పిల్లల కోసం. 2010లో మొదలైన వాళ్ల 'విదై' పథకం అక్కడి సర్కారు బడుల్లో చదివి, ఇంట్లో అందరికంటే ముందు కాలేజీ గడప తొక్కే పిల్లల్ని చూసుకుంటుంది. మార్కుల కాగితం ఒక్కటే చూసి తేల్చరు, ఇంటి పరిస్థితి కూడా చూస్తారు. నాన్న చెన్నైలో ఉన్నా చెల్లి చదివింది ఇక్కడ కాబట్టి ఆ ఆశ పెట్టుకోకండి.

మన వాళ్లది తలో దారి. చిరంజీవి 1998లో పెట్టిన ట్రస్టు రక్తదానం, నేత్రదానం పని చూస్తుంది. మహేష్ బాబు ఫౌండేషన్ అంటే ముందు గుర్తొచ్చేది పసిపిల్లల గుండె ఆపరేషన్లు. మంచు లక్ష్మి 'టీచ్ ఫర్ చేంజ్' చదువు పనే గానీ, సర్కారు బళ్లకి వాలంటీర్లని పంపి పాఠాలు చెప్పించడం దాని పద్ధతి. అన్నీ మంచి పనులే, ఫీజు కోసం మాత్రం వాటి మీదే ఆశ పెట్టుకుని కూర్చోకండి. ఫ్యాన్స్ కుర్రాళ్లు 'అన్నకి చెప్పిస్తాం' అంటారు. వాళ్ల ప్రేమ నిజమే గానీ దాంతో ఫీజు కట్టలేం కదా.

నేను పలాసలో ట్యూషన్లు చెబుతాను. మా వీధిలో ఒకమ్మాయికి ఇంజినీరింగ్ సీటొచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, మరింకేటి అన్నారంతా. అసలు చిక్కు హాస్టల్ దగ్గర మొదలైంది. మెస్ అడ్వాన్సు, రికార్డులు, ల్యాప్‌టాప్, పండక్కి ఇంటికి రావడానికి బస్సు చార్జీ... ఇవేవీ రీయింబర్స్‌మెంట్‌లో రావు. విశాఖలో ఒక చిన్న ట్రస్టుకి రాశాం. దాని వెనక హీరో లేడు, రిటైరైన ఉద్యోగులు నడుపుతున్నారు.

ముందు ఉత్తరంలో ఆ పిల్ల 'మేము చాలా పేదవాళ్లం, దయచేసి ఆదుకోండి' అని రాసింది. కొట్టేయించాను. అమ్మ జీడి పిక్కలు కొడితే వారానికెంత వస్తుంది, అందులో బియ్యం, కరెంటు, అప్పు పోగా ఎంత మిగులుతుంది, కాలేజీలో ఏ నెల ఎంత కట్టాలి అన్నది లెక్క వేసి రాయించాను. తర్వాత ట్రస్టు నుంచి ఒకాయన ఇంటికొచ్చారు. ఆదాయ సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టి, ఆ తల్లి చేతుల వైపు చూశారు. జీడి సొనకి వేళ్ల చివర్లు నల్లగా మాడి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి. 'చేతులికి ఏటీ రాసుకోరా అమ్మా?' అని అడిగారు. 'నూనె రాస్తాం బాబూ, పని మొదలెడితే మళ్లీ ఇదే' అందావిడ. అంతకుమించి ఆయన పెద్దగా ఏమీ అడగలేదు.

డబ్బు మాత్రం ఆవిడ చేతికి ఇవ్వలేదు, నేరుగా హాస్టల్‌కే కట్టారు. సెమిస్టర్ సెమిస్టర్‌కి మార్కుల మెమో పంపాలని షరతు. మొదట్లో ఆ పిల్లకి ఇది నామోషీగా ఉండేది. నాకైతే సబబుగానే అనిపించింది.

కాబట్టి చెల్లికి ముందు కన్వీనర్ కోటా సీటు (సర్కారు కౌన్సెలింగ్‌లో వచ్చేది), రీయింబర్స్‌మెంట్ చూసుకోండి. మిగిలే ఖర్చు ఎంతో తేల్చి, ఆ మొత్తానికే ట్రస్టులకి రాయండి. ఆదాయ, కుల, స్టడీ సర్టిఫికెట్లు సచివాలయం, స్కూలు నుంచి ఇప్పుడే తీసి పెట్టుకోండి, అడ్మిషన్ల వేళ అక్కడ తొక్కిసలాట. హీరో పేరు చెప్పి 'ప్రాసెసింగ్‌కి రెండు వేలు పంపండి' అనే వాట్సాప్ మెసేజ్‌లు వస్తుంటాయి. సాయం చేసేవాడు ముందు మీ దగ్గర డబ్బు అడగడు. నంబరు బ్లాక్ చేసేయండి.

మీరు అడగకపోయినా తమ్ముడి సంగతి చెప్పాలి. సర్కారు బడో ఎయిడెడ్ బడో అయితే ఈ ఏడాదే ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాయించండి, అది ఎనిమిదో తరగతి పిల్లలకి కేంద్రం స్కాలర్‌షిప్ కోసం పెట్టే పరీక్ష. సెలక్టయితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు ఖాతాలో పడతాయి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. దరఖాస్తు స్కూల్ నుంచే వెళ్లాలి, గడువు దాటకముందే హెడ్‌మాస్టర్ గారిని కలవండి.