షెల్టర్‌లో మనిషిని చూస్తే వణికే కుక్క మళ్లీ మామూలవుతుందా?

చాలా సందర్భాల్లో అవుతుంది. అయితే అది బెదిరింపుతో జరిగే పని కాదు. మనుషుల చెలిమి ఎరుగక ఇరుకు బోనుల్లో పెరిగిన కుక్కల కోసం అమెరికా జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ 2013లో న్యూజెర్సీలో ప్రయోగాత్మకంగా ఒక పునరావాస కేంద్రాన్ని ప్రారంభించి, 2018లో నార్త్ కరోలినాలోని వీవర్‌విల్‌లో శాశ్వత కేంద్రాన్ని నెలకొల్పింది.

ముందుగా పశువైద్యుడు పరీక్షించాలి, ఎందుకంటే పంటి నొప్పో కీళ్ల నొప్పో ఉన్న కుక్క కూడా ముట్టుకోబోతే కరుస్తుంది. ఆ తర్వాత, కుక్క భయపడే మనిషిని అది తట్టుకోగలిగినంత దూరంలో నిలబెట్టి, ఆయన కనిపించిన ప్రతిసారీ ఉడికించిన కోడిమాంసం వంటి ఇష్టమైన తిండి పెడుతూ, ఆ దూరాన్ని రోజుల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇక్కడ వరుస ముఖ్యం: మనిషి ముందు, తిండి తర్వాత. ఈ వరుస తారుమారైతే తిండిని చూసినా కుక్క అనుమానపడవచ్చు. ఇష్టమైన తిండిని కూడా ముట్టడం లేదంటే, సాధారణంగా మనం మరీ దగ్గరికి వచ్చామనే అర్థం కనుక వెనక్కి జరగాలి. జంకు లేని మరో కుక్కను తోడుగా ఉంచితే పని కొంత సులువవుతుంది.

గుర్రుమన్నందుకు కొట్టడం, నా దృష్టిలో, అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు. దానివల్ల భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది, ఆపై కుక్క చప్పుడు లేకుండానే కరుస్తుంది. భయం మరీ తీవ్రమైతే పశువైద్యులు శిక్షణతో పాటు ఫ్లూయోక్సెటిన్ వంటి మందులు ఇస్తారు. వాటి ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది.