కొత్త ఎమ్మెల్యేకు బాబాయి ఉత్తరం: జనానికి సమాచార లేఖ ఎలా రాయాలి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నియోజకవర్గ సమాచార లేఖ ముసాయిదా చదివాను. అచ్చుకు ఇవ్వకముందే నాకు చూపించి మంచి పని చేశావు. ఎనిమిది పేజీల్లో సగం నీ ఫొటోలే. శంకుస్థాపనలు, శాలువాలు, పూలదండలు. మిగతా సగం పై నాయకులకు కృతజ్ఞతలు. కాలువ చివర పొలం ఉన్న రైతు దీన్ని చేతిలోకి తీసుకుంటే అతనికి కొత్తగా తెలిసేది ఒక్కటీ లేదు. నీ ఫొటో ఒక్కటి చాలు, అదీ చిన్నది. కృతజ్ఞతలు సభల్లో చెప్పుకో, అక్కడ ఎవరూ కాదనరు.

ఏ పని ఏ దశలో ఉంది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, జనం అడిగేది ఇదే. మిగతా హంగులన్నీ పీకేసినా ఈ రెండూ ఉంటే లేఖ నిలబడుతుంది.

నీ ముసాయిదాలో పదకొండు పనులకు ‘మంజూరు’ అని రాసి వదిలేశావు. జనం ఆ మాట చదివి మరుసటి నెలలో పొక్లెయిన్ వస్తుందని చూస్తారు. ఆ రోడ్డుకు ప్రతిపాదన వెళ్లిందా, అంచనాలు వేశారా, పరిపాలనా అనుమతి జీవో వచ్చిందా, సాంకేతిక అనుమతి అయిందా, టెండరు పిలిచారా, కాంట్రాక్టరుతో ఒప్పందం కుదిరిందా, పని మొదలైందా, ఎం-బుక్కులో (ఇంజనీర్లు జరిగిన పనిని రాసే పుస్తకం) కొలతలు ఎక్కాయా, బిల్లు చెల్లించారా? వీటిలో ఏ మెట్టు దగ్గర ఉందో అదే రాయి. ‘పరిపాలనా అనుమతి వచ్చింది. అంచనాలు ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) కార్యాలయంలో సాంకేతిక అనుమతి కోసం ఉన్నాయి. టెండరు ఇంకా పిలవలేదు.’ మూడు ముక్కలు. ఇవి చదివినవాడు నీ ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. తగవు పెట్టుకోవడానికి కాదు, ఎస్ఈ కార్యాలయానికి మీరు ఎప్పుడు వెళ్తున్నారని అడగడానికి వస్తాడు.

టెండరు పిలిచినా ఎవరూ వేయకపోతే అదీ రాయి. పాత పనుల బిల్లులు రాని కాంట్రాక్టరు కొత్త పనికి ముందుకు రాడు. ఊళ్లో టీకొట్టు దగ్గర అందరూ మాట్లాడుకునే సంగతిని నువ్వు దాచిపెడితే దాగేదేమీ లేదు. మన ప్రభుత్వాన్ని మనమే ఇరకాటంలో పెట్టినట్టవుతుందని నీ పీఏ అంటాడు. అననీ. ఆలస్యం ఎక్కడుందో చెప్పడం విమర్శ కాదు. నాకు తెలిసినంతలో, ఫైలు ఏ బల్ల మీద ఆగిందో అచ్చులో కనిపించాక అది అక్కడ ఎక్కువ రోజులు ఆగదు. అధికారి పేరు మాత్రం వేయకు, హోదా చాలు.

ఇక ఎవరి బాధ్యత ఏదన్నది. జనం దృష్టిలో అన్నిటికీ ఎమ్మెల్యేనే. ఒకే ఊరి మీదుగా పోయే నాలుగు రోడ్లలో ఒకటి కేంద్రం చేతిలోని జాతీయ రహదారి, ఒకటి రోడ్లు భవనాల శాఖది, ఒకటి పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానిది, ఇంకొకటి పంచాయతీది అయివుంటుంది. గుంత ఏ రోడ్డు మీద ఉందో బట్టి తలుపు తట్టాల్సిన కార్యాలయం మారుతుంది. నియోజకవర్గంలోని ముఖ్యమైన రోడ్లకు ఒక పట్టిక వేసి, ఎదురుగా శాఖ పేరు పెట్టు. నీ లేఖలో జనం చింపి గోడకు అంటించుకునే పేజీ అదే అవుతుంది. రైల్వే గేటు దగ్గర వంతెన విషయమూ ఇంతే. సాధారణంగా పట్టాల మీది భాగం రైల్వే కడుతుంది, రెండు వైపులా అప్రోచ్ రోడ్లు రాష్ట్రం వేస్తుంది, వాటికి భూసేకరణ రెవెన్యూవాళ్ల పని. పట్టాల మీద శ్లాబు పడి, అటూ ఇటూ రోడ్డు లేక గాలిలో నిలబడ్డ వంతెనలు నువ్వూ చూసివుంటావు. వాటికి కారణం ఈ మూడు చేతులూ ఒకసారి కదలకపోవడమే. మన గేటు దగ్గర ఏ చెయ్యి ఆగిందో చెప్పు.

డబ్బు ఎవరిదో కూడా దాచకు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డుకు కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. జల జీవన్ మిషన్‌లో మన ఆంధ్రప్రదేశ్‌కు, కేంద్రానికి చెరిసగం. ఆ పథకం లక్ష్యం ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు. కాబట్టి ‘ఇన్ని కుళాయిలు బిగించాం’ అని రాసి ఊరుకోకుండా, వాటిలో నీళ్లు ఎన్నింట్లో వస్తున్నాయో అడిగి తెలుసుకుని ఆ అంకె వెయ్యి. రెండు అంకెలకూ తేడా ఉంటే తేడాతోనే వెయ్యి.

కాలువ సంగతి వేరే పేజీలో పెట్టు. మనది నాగార్జున సాగర్ కుడికాలువ ఆయకట్టు, అందులోనూ చివరి భూములు. నీళ్లు ఎంత వదులుతారన్నది రాష్ట్రం ఒక్కటే తేల్చేది కాదు. 2014 పునర్విభజన చట్టంతో ఏర్పడిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు కేటాయింపులు కూడా చూడాలి. ఈ మాట ఒకసారి విడమరిచి చెప్పు, ప్రతి నెలా చెప్పనక్కర్లేదు. తర్వాత లెక్క. ‘ఐదు టీఎంసీలు విడుదల’ అంటే పత్రికవాళ్లకు అర్థమవుతుంది గాని మేజరు (పెద్ద కాలువ నుంచి చీలే పంటకాలువ) మీద కాపలా కాసే రైతుకు అది మాటే. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, నిలబెడితే సుమారు 23,000 ఎకరాల్లో అడుగు లోతు. కాలువలో 11,574 క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) ఒక పగలూ ఒక రాత్రీ పారితే ఒక టీఎంసీ. దారిలో ఇంకేది, ఆవిరయ్యేది, పైవాళ్లు తూములు ఎత్తి మళ్లించుకునేది పోను మన మేజరుకు చేరేది ఎంతో కాలువ చూసే డీఈఈని (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) అడిగి, ఎన్ని తడులకు సరిపోతుందో తేదీలతో వెయ్యి. వంతులవారీగా ఇస్తే ఏ మేజరుకు ఏ రోజులో రాయి. నారు పోయాలా, మినుము చల్లాలా అన్నది ఆ తేదీలను బట్టే రైతు తేల్చుకుంటాడు. తేదీ తప్పే అవకాశం ఉంటే ‘ఇది అధికారులు ఫలానా రోజున చెప్పిన తేదీ’ అని పక్కన పెట్టు.

శాసనసభ విషయానికొస్తే, నువ్వు మాట్లాడిన మాటలన్నీ వేయనక్కర్లేదు. 175 మంది ఉన్న సభలో కొత్త సభ్యురాలికి మైకు దొరికేది తక్కువే, అందులో చిన్నతనం లేదు. నువ్వు వేసిన ప్రశ్న, మంత్రి ఇచ్చిన జవాబు, ఉన్నది ఉన్నట్టుగా అచ్చు వెయ్యి. నక్షత్ర గుర్తు ప్రశ్నకు సభలో మౌఖిక జవాబు వస్తుంది, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి లిఖిత జవాబే. నన్నడిగితే రెండోదాన్ని ఎక్కువ వాడుకో. టీవీలో కనిపించదు గాని కాగితం చేతికొస్తుంది. మంత్రి ‘పరిశీలిస్తాం’ అనకుండా ‘చేస్తాం’ అంటే అది హామీ. హామీల అమలు చూడటానికి సభకు ఒక కమిటీ ఉంది. ఆ హామీ ఏమైందో ఆర్నెల్ల తర్వాత నీ లేఖలో కనిపించాలి.

బిల్లు సభలో గెలిచిన రాత్రే ‘కొత్త చట్టం వచ్చేసింది’ అని రాయకు. మనకు శాసనమండలి కూడా ఉంది. అక్కడా అయ్యాక గవర్నరు ఆమోదం, గెజిట్ ప్రకటన, ఆపై చాలాసార్లు నియమావళి. అవన్నీ అయ్యేదాకా ఎమ్మార్వో కార్యాలయంలో ఎవరికీ ఏమీ మారదు. నీ మాట నమ్మి ఛార్జీలు పెట్టుకుని వెళ్లి తిరిగొచ్చినవాళ్లు నిన్నే తిడతారు.

బడ్జెట్ గురించి ఒక్క మాట. కేటాయింపు వేరు, విడుదల వేరు, ఖర్చు వేరు. బడ్జెట్ పుస్తకంలో ఈ ఏడాది అంచనా పక్కనే గతేడాది సవరించిన అంచనా, అంతకుముందు ఏడాది వాస్తవ లెక్క ఉంటాయి. మూడూ పక్కపక్కన వేస్తే నువ్వు వ్యాఖ్యానం రాయనవసరం లేదు, చదివేవాళ్లు చూసుకుంటారు.

పార్టీ విప్ (ఇలాగే ఓటెయ్యాలన్న ఆదేశం) ఇస్తే దాటలేవు, 1985లో రాజ్యాంగంలో ఫిరాయింపులను నిషేధించే పదో షెడ్యూలు చేరినప్పటి నుంచీ అంతే. కానీ ఫలానా బిల్లు మీద మన ప్రాంత రైతుల అభ్యంతరాలు ఇవి, వీటిని మంత్రికి లిఖితంగా ఇచ్చాను అని రాయడానికి ఏ విప్ అడ్డు రాదు. ఆ మాట నీ ముసాయిదాలో ఎక్కడా లేదు.

ఒక పేజీ చూసి మాత్రం నాకు కోపమొచ్చింది. ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కులు అందుకుంటున్నవాళ్ల ఫొటోలు, పేర్లు, ఊళ్లు, జబ్బులు, మొత్తాలు. ఒకామెకు గర్భసంచి ఆపరేషన్ అని కూడా రాశారు. ఆమె ఆ చెక్కు కోసం నీ దగ్గరికి వచ్చిందిగాని తన ఒంటి సంగతి ఎనిమిది మండలాలకు చాటమని కాదు. ఆ పేజీ మొత్తం తీసెయ్యి. దాని బదులు సహాయనిధికి దరఖాస్తు ఎలా చేయాలి, ఏ ఆస్పత్రి కాగితాలు అసలువి ఉండాలి, నీ కార్యాలయంలో ఎవరికి ఇవ్వాలి అన్నది రాయి.

అలాంటి సమాచారం ఇంకా కావాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల స్వీకరణ ఉంటుందని, రసీదు అడిగి తీసుకోవాలని చాలామందికి తెలియదు. ఓటు నమోదుకు పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో లెక్కచూసే తేదీలు ఇప్పుడు ఏడాదికి నాలుగు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు. కొత్తవాళ్లకు ఫారం 6, దిద్దుబాట్లకు ఫారం 8. నీకు ఓటేస్తారో వేయరో చూడకుండా వెయ్యి.

ఎన్నికల షెడ్యూలు వచ్చిన రోజు నుంచి, స్థానిక సంస్థల ఎన్నికలైనా సరే, ఈ లేఖ ఆపెయ్యి. ప్రవర్తనా నియమావళిలో కొత్త పనుల ప్రకటన కుదరదు. లేఖల కట్టలు పట్టుబడ్డాక సంజాయిషీ రాసుకోవడం కన్నా రెండు నెలలు ఊరుకోవడం నయం.

అచ్చు పెద్ద అక్షరాల్లో ఉండాలి, నాలుగు పేజీలు మించకూడదు. ఊళ్లోని సచివాలయం గోడ మీద, రేషన్ దుకాణంలో, గ్రంథాలయంలో, బస్టాండులో ఒక్కో కాపీ పెట్టించు. వాట్సాప్‌లో పంపేది ఫైలుగా కాకుండా మామూలు మెసేజీగా పంపు, పాత ఫోన్లలో ఫైళ్లు తెరుచుకోవు. చదవలేనివాళ్ల కోసం నీ గొంతుతో ఐదు నిమిషాలు చదివి వినిపించు.

రెండో సంచిక మొదటి పేజీలో మొదటి సంచికలో రాసిన పదకొండు పనులూ వరుస మార్చకుండా మళ్లీ రావాలి. కదలనివాటి ఎదురుగా ‘గత నెల ఎక్కడ ఉందో అక్కడే’ అని వేయించు. చివర ఇచ్చే ఫోను నంబరు పీఏది కాకుండా కార్యాలయానిది పెట్టు. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా దాన్ని ఎత్తడానికి ఒక మనిషిని కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి ఫోనూ పుస్తకంలో రాయించు. మూడో సంచికలో ఏం రాయాలో ఆ పుస్తకం చూస్తే తెలిసిపోతుంది.

ఇట్లు,
బాబాయి