పాప నిద్రపోయే అరగంట చాలు
చెల్లెమ్మా, పది నెలల పాపతో కలం పట్టేదానికే టైం లేదు, కలంకారీ మానేస్తా అని రాసినావే, మానొద్దు తల్లీ. శ్రీకాళహస్తిలో నేర్చుకున్న పని నాకూ తిరుపతి కాపురంలో రెండేళ్లు అటకెక్కింది. ఇందులో సగం పని దానంతటదే అయ్యేది కదా, తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో ఊరి కసిం నల్లరంగు దిగేదానికి రెండు మూడు వారాలు, కరక్కాయ పొడి కలిపిన పాలల్లో తడిపిన గుడ్డ ఎండేదానికి ఒక పూట, అవి వంటపనితోపాటే జరిగిపోతాయి. పాప పడుకోగానే ఫోన్ తీయకుండా చింతబొగ్గుతో ఒక్క నెమలి గీయి, రేపు దానిమీద కలం. కసిం కుండ, పటిక మాత్రం ఎత్తులో పెట్టు, పాకే బిడ్డ చెయ్యి పెట్టేస్తాది. ఆదివారం రెండు గంటలు పాపని మీ ఆయనకిచ్చేయ్, మొహమాటపడొద్దు, నేను పడి నష్టపోయినా. నెమలి ఫోటో పెట్టు, చూడాలనుంది.