గేర్ వేయగానే ఇంజిన్ ఆగిపోతోంది, గేర్‌బాక్స్ దింపాలా?

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా సెమిలిగుడ. పన్నెండేళ్ళ నాటి పెట్రోలు ఆటోమేటిక్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పార్కింగ్‌లో, న్యూట్రల్‌లో బాగానే ఉంటుంది. డీ (ముందుకు)లోకో ఆర్ (వెనక్కి)లోకో వేస్తే చాలు, ఒక్కసారి వణికి ఆగిపోతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పర్వాలేదు, వేడెక్కాక ఇదే గొడవ, ఏసీ వేస్తే మరీనూ. ఇక్కడి మెకానిక్ "గేర్ పకేయిలే గాడి బొంద హేయిజాఉఛి" అంటూ గేర్‌బాక్స్ దింపాలంటున్నాడు. ఇంకొకాయనేమో కొండమీద గాలి పలచన కదా, అందుకే అంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ బొంద సంగతి. ఒడియాలో ఆగిపోవడాన్ని అలా అంటారు, మన బొంద కాదు లెండి, టెన్షన్ పడకండి. గేర్‌బాక్స్ మాత్రం అప్పుడే దింపనివ్వకండి.

పార్కింగ్ ఉందన్నారు, ఏఎంటీల్లో, అంటే మామూలు గేర్‌బాక్స్‌నే మర గేర్లు మార్చే బళ్ళలో, మామూలుగా అది ఉండదు, కాబట్టి మీది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) ఉన్న బండే అనుకుంటున్నాను. న్యూట్రల్‌లో ఇంజిన్‌కి పెద్ద బరువేమీ ఉండదు. డీలో వేయగానే కన్వర్టర్‌లోని ఆయిల్‌ని కవ్వంతో పెరుగు చిలికినట్టు చిలకాలి. 700, 800 ఆర్‌పీఎంలో (నిమిషానికి అన్ని చుట్లు) ఉన్న మంచి ఇంజిన్ ఆ బరువు పడగానే ఇంకాస్త గాలి పీల్చుకుని నిలబడుతుంది, మీది నిలబడలేకపోతోంది. చల్లగా ఉన్నప్పుడు కంప్యూటరే ఐడిల్‌ని, అంటే ఆక్సిలరేటర్ తొక్కనప్పటి వేగాన్ని, వెయ్యి దాటించి ఉంచుతుంది గనక ఆ ఊపులో గండం గడిచిపోతోంది. ఇక కొండగాలి అంటారా, కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తే, కానీ అది కార్బురేటర్ రోజుల మాట, ఇప్పటి ఇంజెక్షన్ బళ్ళు గాలిని బట్టి పెట్రోలు సర్దుకుంటాయి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, న్యూట్రల్‌లోనే ఏసీ ఫుల్‌గా పెట్టి హెడ్‌లైట్లు వేయండి. ఆర్‌పీఎం ముల్లు పడిపోయి ఊగుతుంటే లోపం ఇంజిన్ వైపే ఉండొచ్చు. తర్వాత అవన్నీ ఆపేసి, గేర్ ముట్టుకోకుండా బ్రేక్ పెడల్ మాత్రం తొక్కండి. డీలో వేయాలంటే ముందు బ్రేక్ తొక్కాలి కదా, దొంగ అక్కడే దాక్కుని ఉండొచ్చు! తొక్కగానే బుస్సుమని శబ్దం వచ్చి ఐడిల్ పడిపోతే బ్రేక్ బూస్టరో, దానికి వెళ్ళే గొట్టమో గాలి పీలుస్తోందన్నమాట. బండి పశువుల పాక పక్కన పెడుతుంటే ఎలక కొరికిందేమో కూడా చూడండి, నవ్వుకోవద్దు.

ఎక్కువసార్లు దొరికేది మాత్రం ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో మసి. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావు రబ్బరు గొట్టం ఊడదీస్తే లోపల రూపాయి బిళ్ళలా గుండ్రటి పళ్ళెం కనిపిస్తుంది, కాకపోతే బాగా పెద్దది. దాని అంచు చుట్టూ నల్లగా జిగురు పట్టి ఉంటే ఐడిల్‌కి గాలి వెళ్ళే వెంట్రుకంత సందు పూడిపోయినట్టే. ఇంజిన్ చల్లారాక, తాళం చెవి తీసేసి, థ్రాటిల్ క్లీనర్ గుడ్డ మీద కొట్టి తుడవండి. కేబుల్ లేకుండా మోటారుతో నడిచే ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే వేలితో బలవంతంగా నెట్టొద్దు, పళ్ళచక్రాలు పోతాయి. విడిగా ఐడిల్ వాల్వ్ ఉన్న బండైతే దాన్నీ శుభ్రం చేయించండి. తుడిచాక కొన్నాళ్ళు ఐడిల్ అటూ ఇటూ అవ్వొచ్చు, స్కానర్ ఉన్నవాళ్ళ దగ్గర సెట్ చేయించుకుంటే సరి.

ఇవన్నీ బాగుండి, న్యూట్రల్‌లో ఎంత బరువు వేసినా చలించని ఇంజిన్ డీలో వేయగానే నరికినట్టు ఆగిపోతే అప్పుడు మీ మెకానిక్ వైపు రావచ్చు. అప్పుడైనా మొదటి అనుమానం కన్వర్టర్‌ని బిగించే లాకప్ సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) మీద. అది ఇరుక్కుంటే, క్లచ్ తొక్కకుండా బ్రేక్ వేసిన మామూలు కారులా బండి కుదుపుతో ఆగుతుంది. చాలా మోడళ్ళలో అడుగున ఆయిల్ పాన్ విప్పి దాన్ని మార్చేస్తారు, పెట్టె మొత్తం దింపక్కర్లేదు. ఆ ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తోందా అని కూడా అడగండి.

ఆక్సిలరేటర్ నొక్కిపట్టి డీలో వేసే చిట్కా ఎవరైనా చెబితే వినకండి, బండి ఎగిరి ముందుకు దూకుతుంది, లోపలి క్లచ్‌లూ అరుగుతాయి. బాగయ్యేదాకా సాలూరు వైపు సుంకి ఘాట్ కూడా దిగొద్దు. మలుపులో ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేక్ ఒకటి రెండుసార్లు పడి తర్వాత రాయిలా అయిపోతుంది.