ఫోన్‌లో పేకాట ఆపలేకపోతున్నా.. గుండె దడకు, నిద్రలేమికి మందుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. భీమవరం దగ్గర రొయ్యల మేత కొట్టు నడుపుతున్నాను. ఏడాదిగా ఫోన్‌లో డ్రాగన్ టైగర్ ఆడుతున్నాను. డీలర్ డ్రాగన్, టైగర్ అనే రెండు వైపులా ఒక్కో ముక్క వేస్తారు, పెద్ద ముక్క పడిన వైపు గెలుపు, అంతే ఆట. మొదట్లో వంద రూపాయలు పెట్టేవాణ్ని, ఇప్పుడు ఐదు వందలకు తగ్గడం లేదు. నాలుగు లక్షలు పోయాయి, అందులో సగం అప్పు. ఇంట్లో భార్యకు తెలియదు. రెండుసార్లు యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నాను. పోయింది వస్తే మానేస్తాను. మూడు నెలలుగా గుండె దడ, చేతుల వణుకు. రాత్రి రెండైనా నిద్ర రాదు. ఈసీజీ నార్మల్ అన్నారు. ఒక్కోసారి ఎందుకీ బతుకు అనిపిస్తోంది. నిద్రమాత్ర ఏదైనా రాస్తారా?

జవాబు: నిద్రమాత్ర అడిగే ముందు మీరు రాసిన ఆ ఒక్క వాక్యంతోనే మొదలుపెడతాను. ‘ఎందుకీ బతుకు’ అనిపించడం దాటి, చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మిగతాది తర్వాత చదవండి. ముందు 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబర్. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఈ రాత్రి ఒంటరిగా పడుకోకండి. కొట్టులో మందులు, రసాయనాలు ఉంటాయి కాబట్టి కొన్నాళ్లు తాళాలు నమ్మకమైన మనిషికి ఇవ్వండి. జూదంలో అప్పులపాలైనవారిలో ఈ ప్రమాదం నిజంగానే ఎక్కువ.

ఇక గుండె దడ. ఈసీజీ బాగుండటం మంచిదే, అయినా థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు ఒకసారి చేయించండి. దడకు, వణుకుకు అవి కూడా కారణం కావచ్చు. అవి మామూలుగా ఉంటే కారణం చాలావరకు ఆటే. ముక్క తిరగబడే ఆ రెండు క్షణాల్లో అపాయం ఎదురైనట్టే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గంటకు వంద సార్లు అలా జరిగాక పక్క మీద వాలితే నిద్ర ఎక్కణ్నుంచి వస్తుంది?

దీన్ని వ్యసనం అని తిట్టి వదిలేసే రోజులు పోయాయి. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం జూద వ్యాధిని మద్యం వ్యసనం పక్కన చేర్చింది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఆన్‌లైన్ జూదానికి విడిగా చోటు ఉంది. దీనికి రక్త పరీక్ష లేదు. తొమ్మిది లక్షణాల్లో ఏడాది కాలంలో నాలుగైనా ఉన్నాయేమో చూస్తాం. పందెం పెంచుకుంటూ పోవడం, మానాలనుకుని మానలేకపోవడం, పోయింది రాబట్టాలని మళ్లీ కూర్చోవడం, ఇంట్లో దాచడం... మీ ఉత్తరంలోనే నాలుగూ ఉన్నాయి. మిమ్మల్ని చూడకుండా వ్యాధి అని నిర్ధారించలేను కానీ, నాకు అనుమానం బలంగా ఉంది. ఇంకో మాట. రాత్రిపూట కాళ్ల పీకుడుకు ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు వాడుతున్నారా? వాటివల్ల కొందరిలో జూదం కోరిక పుడుతుంది. వాడుతుంటే సొంతంగా ఆపకుండా, రాసిన డాక్టర్‌కు చెప్పండి.

‘పోయింది వస్తే మానేస్తాను’ అన్నారు. అది ఎందుకు రాదో మీకు లెక్క వేసి చూపించాలి. ఈ ఆటలో మామూలుగా ఎనిమిది పేకలు కలుపుతారు, 416 ముక్కలు. ఒకటి పడ్డాక మిగిలేవి 415, వాటిలో అదే విలువ ఉన్నవి 31. అంటే వంద ఆటల్లో ఏడెనిమిది సార్లు రెండు వైపులా సమానంగా పడుతుంది. అప్పుడు మీ పందెంలో సగం ఆట నడిపేవాళ్లకు పోతుంది. ఈ ఒక్క నియమంతోనే మీ ప్రతి వంద రూపాయల నుంచి సగటున 3 రూపాయల 73 పైసలు వాళ్లవి. ఐదు వందల చొప్పున గంటకు వంద ఆటలు ఆడితే సుమారు 1,865 రూపాయలు. ఒక రాత్రి గెలవచ్చు, కానీ ఎంత ఎక్కువ సేపు ఆడితే ఈ లెక్కకు అంత దగ్గరవుతారు. ‘టై’ మీద, అంటే రెండు వైపులా సమానంగా పడుతుందని పెడితే మరీ ఘోరం, వందకు 32 రూపాయల పైనే పోతుంది. వరుసగా ఆరుసార్లు టైగర్ వచ్చింది, ఇక డ్రాగన్ ఖాయం అనుకుంటారు చూడండి, ముక్కలకు ఆ జ్ఞాపకం ఉండదు. 1913లో మాంటె కార్లో జూదశాలలో, ఎరుపు నలుపు గళ్ల మీద పందెం కాసే రూలెట్ చక్రం మీద వరుసగా 26 సార్లు నలుపే వచ్చింది. ఎరుపు వస్తుందని పెట్టినవాళ్లు భారీగా పోగొట్టుకున్నారు.

మీ వైపు సంక్రాంతికి బరుల దగ్గర గుండాట, ‘లోనా బయటా’ పేకాట చూసే ఉంటారు. వాటినీ నేను సమర్థించను. కానీ మూడు రోజులకు బరి ఎత్తేస్తారు. మీ ఫోన్‌లోని బరిని ఎత్తేసేవాళ్లు లేరు, అది దిండు కిందే ఉంటుంది. అందుకే దీని మీద నాకింత కోపం.

నిద్రమాత్ర నేను రాయను. ఆల్‌ప్రాజోలామ్ లాంటివి అలవాటు పడతాయి, మీ మనసు ఇప్పుడున్న స్థితిలో అవి ఇంట్లో ఉండటం కూడా మంచిది కాదు. చికిత్స వేరే ఉంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. కోరిక తీవ్రంగా ఉన్న కొందరికి నాల్‌ట్రెక్సోన్ అనే మందు ఇస్తాం. డిప్రెషన్ ఉంటే దానికీ మందులున్నాయి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

అన్నిటికన్నా కష్టమైన పని, మీ భార్యకు చెప్పడం. ఆమె కోప్పడుతుంది, ఏడుస్తుంది. ఆ హక్కు ఆమెకు ఉంది. అయినా చెప్పండి. మొత్తం ఒకేసారి చెప్పండి, సగం దాచి తర్వాత బయటపడితే రెండోసారి నమ్మరు. యూపీఐ, బ్యాంకు కార్డు కొన్నాళ్లు ఆమె దగ్గర ఉండాలి. బంధువులు అప్పు తీరుస్తామంటే ఆ డబ్బు నేరుగా అప్పిచ్చినవాళ్లకే ఇవ్వమనండి, మీ చేతికి వద్దు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 చట్టం దేశమంతా నిషేధించింది, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచే నిషేధం ఉంది. కాబట్టి గెలిచిన డబ్బు ఆ యాప్ ఇవ్వకపోతే అడిగే దిక్కు కూడా ఉండదు.

ఆపిన మొదటి రెండు వారాలు చిరాకు, నిద్రలేమి పెరగవచ్చు. అది తగ్గుతుంది. ఈ వారంలోనే మానసిక వైద్యుణ్ని కలవండి. వెళ్లేటప్పుడు ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకెళ్లండి, మీ భార్యనూ వెంట తీసుకెళ్లండి.