కట్టిన ఫీజు కాదు, కట్టబోయే ఫీజు చూడండి

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది ముగుస్తోంది. ఫీజులో సగం నాన్న కడుతున్నారు, మిగతాది విద్యారుణం. క్లాసు రద్దయినప్పుడల్లా ఎంత డబ్బు వృథా అయిందో లెక్క వేసుకుంటున్నాను. మానేస్తే నాన్నకు ద్రోహం, కొనసాగితే దండగ అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఫీజును క్లాసులతో భాగించి చూసే అలవాటు మీ ఒక్కరిదే కాదు. ఆ లెక్క సగమే నిజం. ప్రయోగశాల, గ్రంథాలయం, పరీక్షలు, చివర్లో వచ్చే పట్టా కూడా ఆ డబ్బులోనివే. అలాగని మీ కోపం తప్పనను. 2015లో దక్షిణాఫ్రికా విద్యార్థులు ఇదే కోపంతో వీధుల్లోకి వస్తే, మరుసటి ఏడాదికి ఫీజుల పెంపును ప్రభుత్వం నిలిపివేసింది. ధర మీద అసంతృప్తి వేరు, చదువు మీద అయిష్టం వేరు. మీది ఏదో ముందు తేల్చుకోండి. ఇదే కోర్సు ఉచితమైతే సంతోషంగా చదివేవారా? అవునంటే మీ సమస్య డబ్బే, దానికి దారులున్నాయి. కాదంటే ఉపకార వేతనం వచ్చినా మీ బాధ తీరదు.

ఇక ద్రోహం సంగతి. రెండేళ్లకు కట్టింది మీరు కొనసాగినా తిరిగి రాదు, మానేసినా తిరిగి రాదు. కాబట్టి దాన్ని తూకంలో వేయకండి. మిగిలిన ఏడాదులకు కట్టబోయేది ఒక పక్క, ఆ పట్టా తెరిచే ఉద్యోగాలు మరో పక్క పెట్టి చూడండి. మీ శాఖలో గత ఏడాది ఉత్తీర్ణులైనవారు ఇప్పుడు ఏం చేస్తున్నారో నేరుగా వారినే అడగండి. కళాశాల కరపత్రాలను నేనైతే నమ్మను.

అప్పు విషయంలో చాలామంది గమనించనిది ఒకటుంది. చాలా విద్యారుణాల్లో చదువుతుండగానే వడ్డీ పడుతుంది. ఏటా పాతిక చొప్పున నాలుగేళ్లలో వంద తీసుకున్నారనుకోండి. పది శాతం బారువడ్డీ అయినా, మొదటి పాతిక మీద నాలుగేళ్లు, చివరి పాతిక మీద ఒక ఏడాది లెక్కన, చదువు పూర్తయ్యేసరికి మరో పాతిక వడ్డీయే అవుతుంది. చిన్న పనితో వచ్చే సంపాదనతో ఆ వడ్డీనైనా కడుతుంటే భారం బాగా తగ్గుతుంది.

నాన్నగారితో ఈ అంకెలు కాగితం మీద పెట్టుకుని మాట్లాడండి. ఆయన ఇప్పటికే ఊహించి ఉంటారని నా అనుమానం. మూడో ఏడాది ఫీజు గడువుకు ముందే మాట్లాడండి. కట్టాక మానుకుంటే వెనక్కి వచ్చే మొత్తం చాలాచోట్ల రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది.